అర మూత మందు

ఆదివారం పొద్దున ఆదెమ్మ సత్తుగిన్నెలో పెట్టిన పాలన్నం మీద ఈగలు వాలాయి గానీ జున్ను మాత్రం రాలేదు. గిన్నెను అరుగు చివరికి జరిపింది. మళ్ళీ తనవైపు లాక్కుంది. అంచుమీద గాజుతో టకటకా కొట్టింది. ఆ చప్పుడు వింటే పెరట్లో ఏ మూలనున్నా వచ్చి ఒళ్ళో పడే కుక్క అది. మూరెడు పొడవు కూడా ఉండదు. తెల్లటి బొచ్చు, నల్లటి ముక్కు, విసనకర్రలాంటి తోక. తెచ్చినరోజు జున్నుగడ్డలా ఉందని ఆ పేరు పెట్టింది ఆదెమ్మే.

"జున్నూ, రామ్మా. సల్లారిపోతాండాది."

లోపలి గదిలోంచి ఇంకో గొంతు "జిమ్మీ" అంది. గచ్చుమీద గోళ్ళు టిక్కుటిక్కుమన్నాయి. కుక్క పరుగెత్తింది నిజమే, కానీ పరుగెత్తింది అటు.

ఆదెమ్మకు ఒళ్ళు మండిపోయింది. పెట్టిన పేరు ఒకటి ఉండగా ఇంకోటి పెట్టడానికి ఈ పిల్లెవరు? పోనీ పెట్టిందే అనుకో, పలకడానికి ఈ కుక్కకైనా సిగ్గుండొద్దా? మూడేళ్ళు జున్నుగా ఉన్నది మూడు వారాల్లో జిమ్మీ అయిపోయింది.

ఆ పిల్ల అమరావతి. ఇంటావిడ విజయమ్మకు తమ్ముడి కూతురు. టైపు పరీక్ష రాయడానికి కుప్పం నుంచి మదనపల్లెకు వచ్చింది. నాలుగు రోజులని వచ్చింది, పరీక్ష వాయిదా పడిందని ఉండిపోయింది. రోజు విడిచి రోజు ఆదెమ్మ మొహాన నవ్వు పులుముకుని "ఊరికి యా దినం పోతావు పాపా?" అని అడుగుతూనే ఉంది. ఆ పిల్లా నవ్వి, "పరీక్ష కానీ అక్కా" అంటుంది. ఆ నవ్వు చూస్తే ఇంకా మంట.

ఎనభై నాలుగులో వానలు కాస్త ముందుగానే పడ్డాయి. వానల వెనకే గోమార్లు వచ్చాయి. చెవుల వెనకా కాలివేళ్ళ సందుల్లోనూ కరిచిపట్టుకుని, రక్తం తాగి ఆముదం గింజలంత ఉబ్బే గోమార్లు. వాటిని తియ్యడం ఆదెమ్మ పని. పొద్దున అంట్లు తోమేశాక అరుగుమీద కాళ్ళు చాపి కూర్చుని, పక్కన టెంకాయ చిప్పలో కిరసనాయిలు పెట్టుకుంటుంది. కుక్క వచ్చి ఒళ్ళో వెల్లకిలా పడుకుంటుంది. ఎడమచేత్తో బొచ్చు విడదీసి, గోమారి మీద నూనెచుక్క ఒకటి పెట్టి, కాసేపాగి, రెండు వేళ్ళతో పట్టుకుని నిటారుగా పైకి లాగుతుంది. తల తెగి చర్మంలో ఉండిపోతే పుండవుతుంది. ఆదెమ్మ చేతిలో ఒక్క తల కూడా తెగింది లేదు. తీసినదాన్ని చిప్పలో వేసి, అది మునిగిందాకా చూసి, తర్వాతదాని కోసం వెతుకుతుంది. ఒళ్ళంతా అయిపోయేదాకా లేచేది కాదు. ఒక్కటంటే ఒక్కటి మిగిల్చేది కాదు. మధ్యలో జున్నుకు నిద్రపట్టి గురక వచ్చేది.

ఆదివారం గురక లేదు, ఒళ్ళో కుక్కా లేదు. ఆదెమ్మ చిప్ప పక్కన పెట్టుకుని కూర్చునే ఉంది. గుమ్మంలోంచి చూస్తే లోపల చాపమీద అమరావతి కుక్కను పడుకోబెట్టి, మందులషాపులో కొన్న డబ్బాలోంచి తెల్లపొడి చల్లుతూంది. చల్లి దువ్వెనతో దువ్వుతూంది. మెడకు ఎర్ర రిబ్బను కూడా కట్టింది.

"సేత్తో తీస్తే ఎన్నని తీస్తావక్కా? సేతులంతా రక్తమవుతాది. దీంతో అన్నీ సచ్చిపోతాయంట" అంది అమరావతి తలెత్తి.

జవాబు ఆదెమ్మ కాదు, పడకకుర్చీలో పేపరు చదువుకుంటున్న విజయమ్మ చెప్పింది. ఆమె ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఏ మాటైనా జ్వరం చూసి చెప్పినట్టు మెల్లిగా చెబుతుంది.

"అవును ఆదెమ్మా. ఇక దాని సంగతి అమర చూసుకుంటుందిలే. నీకూ పని తగ్గుతుంది."

పని తగ్గుతుందంట. ఎవరడిగారు తగ్గించమని? అంట్లు తగ్గిస్తే సంతోషించేది, బట్టలు తగ్గిస్తే దండం పెట్టేది. ఇంటికి పోయి తలుపు తీస్తే పలకరించే ప్రాణి లేని మనిషికి, ఉన్న ఒక్క పలకరింపునూ పని అని లెక్కగట్టి తీసేశారు. ఆదెమ్మ చిప్పలో కిరసనాయిలు మళ్ళీ సీసాలోకి వంచి, చిప్పను చూరులో దోపింది.

సాయంత్రం ఊడుస్తూ ఊడుస్తూ చీపురు ఆపి, చాపమీద పడుకున్న కుక్క చెవి వెనక వేలు పెట్టి చూసింది. పొడి కింద గోమార్లు ఉన్నచోటనే ఉన్నాయి. ఒకటి కూడా కదల్లేదు. ఆదెమ్మకు కడుపు నిండినంత సంతోషమైంది. ఇంకో చెవి కూడా చూసింది. అక్కడ నాలుగున్నాయి. మామూలుగా అయితే అప్పటికప్పుడు లాగి పారేసేది. ఆ రోజు బొచ్చు సర్దేసి చీపురు అందుకుంది.

*

సోమవారం తమ్ముణ్ణి చూసొస్తానని సెలవడిగి పుంగనూరు బస్సెక్కింది. అక్కడ దిగి మైలు దూరం నడిస్తే మునెప్ప ఇల్లు. వెళ్ళేసరికి అతను కొట్టం ముందు ఆవుకు మందు పూస్తూ ఉన్నాడు. నడుమెత్తు కూడా లేని పొట్టి పుంగనూరు ఆవు. దాని మూతికి తాటినార చిక్కం బిగించి, కొమ్ములు గుంజకు కట్టి, పాతగుడ్డ నూనెలో ముంచి గంగడోలు కిందా పొదుగు చుట్టూ రుద్దుతున్నాడు. పక్కన కానుగనూనె ముంత, దాని పక్కన మసిగుడ్డ బిరడా పెట్టిన గోధుమరంగు సీసా.

"ఏం మందురా అది?"

"గోమార్లకక్కా. పశువులాస్పత్రిలో ఇచ్చినారు. ఆ కాంపౌండరు బక్కెట్టు నీళ్ళకు ఒక మూత కలపమంటాడు. నీళ్ళు తోలుమీద యాడ నిలుస్తాయి? జారిపోతాయి. కానుగనూనెలో కలిపితే పట్టుకోనుంటాది. మా ఊళ్ళో అందరం ఇట్లే. సూడు, ఎట్ల రాల్తాండాయో."

రాలుతున్నాయి. ఆవు కడుపు కింద నేలమీద గోమార్లు కాళ్ళు ముడుచుకుని గింజల్లా పడుతున్నాయి. ఆదెమ్మ వంగి ఒకదాన్ని పుల్లతో కదిలించింది. చచ్చింది. ఇదీ మందంటే. డబ్బాలో తెల్లపొడి కాదు.

"నాకు రవ్వంత పొయ్యి."

"నీకు యాలక్కా? నీకు ఆవుండాదా, ఎద్దుండాదా?"

"అమ్మగారింట్లో కుక్కకు."

మునెప్ప రుద్దుడు ఆపి నవ్వాడు. వాళ్ళ ఊళ్ళో కుక్కంటే మందకు కాపలా ఉండే కుక్క. చిరుతపులి వాసన తగిలితే మెడబొచ్చు నిక్కబొడుచుకునే కుక్క. "ఎంత కుక్క?" అన్నాడు.

మూరెడు లేదంటే వీడు ఊరంతా చెప్పి నవ్విస్తాడు. పందికొక్కును పెంచుతాండారా పట్నంలో అంటాడు. తను మూడేళ్ళు ఒళ్ళో పెట్టుకున్నది పందికొక్కు కాదు. రెండు చేతులూ చాపింది. మొదట చాపినంత చాలదేమోనని ఇంకాస్త చాపింది.

"ఇంతుంటాది."

మునెప్ప ఆ చేతుల మధ్య చోటు చూశాడు. "ఆవుకు ఒక మూత. అంత కుక్కకు అర మూత సాలు. పూసినాక నాక్కోకుండా మూతి కట్టాల. మర్సిపోవాకు."

చిన్న సీసాలో మందూ, ఇంకోదాంట్లో కానుగనూనే పోసిచ్చాడు. ఆదెమ్మ రెండూ పైటకొంగులో ముడేసి, నడుములో దోపుకుంది. తిరుగు బస్సులో చోటున్నా కూర్చోలేదు. కూర్చుంటే ముడి ఒత్తుకుని సీసా పగులుతుందని నిలబడే వచ్చింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. రాలిన గోమార్లన్నీ టెంకాయ చిప్పలో ఊడ్చి విజయమ్మ ముందు పెట్టాలి. ఏమీ అనకూడదు. ఊరికే పెట్టాలి. ఆ పిల్ల పక్కనే ఉండాలి.

*

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి అమరావతి టైపు నేర్పే చోటికి పోయింది. విజయమ్మ తనతోపాటు రిటైరైన ఇంకో నర్సమ్మను చూడ్డానికి బయల్దేరింది. ఇంట్లో ఆదెమ్మా, కుక్కా మిగిలారు.

ఆదెమ్మ అరుగుమీద కాళ్ళు చాపి కూర్చుంది. బెల్లంముక్క ఒకటి అరచేతిలో పెట్టుకుని, "జున్నూ" అని పిలిచింది. కుక్క గుమ్మం దగ్గర నిలబడి వీధివైపు చూసింది. ఆ పిల్ల రాదని తెలుసుకుందో, బెల్లం వాసనే తగిలిందో, మెల్లిగా వచ్చి అరచెయ్యి నాకింది. నాకి, చుట్టూ ఒకసారి తిరిగి, ఒళ్ళో పడుకుంది. ఆదెమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇన్నాళ్ళకు తెలిసిందేమ్మే, నీకు నేనొకతె ఉండానని" అని రిబ్బను విప్పి దూరంగా విసిరేసింది.

చిన్నగిన్నెలో కానుగనూనె పోసి, మూతతో మందు కొలిచింది. సగానికి కాస్త తక్కువే పడింది. మళ్ళీ సరిగ్గా సగం చేసింది. తక్కువ వేస్తే తన కుక్కకు తానే తక్కువ చేసినట్టుంటుంది. వేలితో కలిపి చెవుల వెనక మొదలుపెట్టింది. మెడ, చంకలు, పొట్ట, కాలివేళ్ళ సందులు, తోక మొదలు. గిన్నె అడుగున మిగిలింది కూడా వృథా చెయ్యకుండా వీపుకు రాసింది. మూతి కట్టడానికని గుడ్డపీలిక చింపి తెచ్చుకుంది. కానీ కుక్క తలెత్తి ఆమె మోచెయ్యి నాకింది. ఇన్నాళ్ళకు ఒళ్ళోకొచ్చినదాని మూతి కట్టడానికి చేతులు రాలేదు. పీలికను బొడ్లో దోపేసుకుంది.

అరగంటలో రాలడం మొదలైంది. చీరమీదా అరుగుమీదా పడ్డవాటిని ఆదెమ్మ చీపురుపుల్లతో చిప్పలోకి నెట్టింది. ముప్పై, ముప్పై అయిదు. ఇన్ని పెట్టుకుని ఆ పొడి చల్లుకుంటూ కూర్చుందా ఆ మహాతల్లి! ఆదెమ్మ సంబరపడుతూ సీసాలు కట్టెలమోపు వెనక దాచి, చేతులు కడుక్కుని, చిప్పను గుమ్మం పక్కన అందరికీ కనబడేలా పెట్టింది.

వెనక్కి తిరిగేసరికి కుక్క పొట్ట నాకుకుంటూ ఉంది. కాసేపటికి నాకడం మానేసింది. నోటినుంచి సొంగ దారాలుగా కారుతూ గచ్చుమీద మడుగు కట్టింది. లేవబోయింది. వెనక కాళ్ళు అడ్డంగా జారిపోయాయి. ఒంటిమీద చర్మమంతా గాలికి నీళ్ళు కదిలినట్టు సన్నగా అదిరింది. కక్కుకుంది. ఆదెమ్మ కొంగుతో మూతి తుడిచింది. తుడిచేకొద్దీ కారింది.

"ఏమయిందే... జున్నూ, ఏమయిందే నీకు?"

గేటు చప్పుడైంది. అత్తా మేనకోడలూ దారిలో కలిశారో ఏమో ఇద్దరూ ఒకేసారి వచ్చారు. ఆదెమ్మ చిప్పను తీసి అరుగు కిందికి తోసేసింది.

విజయమ్మ చేతిసంచి కింద పడేసి వచ్చి కుక్క నోరు తెరిచి చూసింది, రెప్ప ఎత్తి చూసింది. "ఇది విషం లక్షణం" అంది. తలెత్తి చూసింది, ఆదెమ్మ వైపు కాదు, అమరావతి వైపు. "పొద్దున మళ్ళీ చల్లావా ఆ పొడి?"

"కొంచెమే అత్తా. డబ్బామీద రాసినంతే..."

"నాకినట్టుంది. చెప్పానా లేదా, బొచ్చుకుక్క, ఒళ్ళంతా నాకుకుంటుందని? ఎవరినడిగి కొన్నావు? ఎవరినడిగి చల్లావు? పరీక్షా వద్దు, ఏమీ వద్దు. రేపు పొద్దున కుప్పం బస్సెక్కు."

మూడు వారాలుగా ఆదెమ్మ ఏ మాట కోసం కాచుక్కూర్చుందో ఆ మాట అంత సులువుగా వచ్చి పడింది. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం ఆమెకు గుండెలో చల్లగా అనిపించింది. నోరు తెరవబోయినది తెరవకుండా మూసేసుకుంది. పొడే అయ్యుండొచ్చు. ఎవరు చూశారు? ఆవు చావలేదు కదా ఆ మందుకి. మునెప్ప ఆవు నింపాదిగా నెమరేసుకుంటూ నిలబడింది కదా.

అమరావతి తన వోణీ తీసి కుక్కను చుట్టి ఎత్తుకుంది. సొంగ ఆమె జాకెట్టు తడిపేస్తూ ఉంది. విజయమ్మ జట్కా కోసం వీధిలోకి పోయింది.

*

పశువుల ఆస్పత్రిలో డాక్టర్ జమాలుద్దీన్ అప్పటికే కోటు విప్పి కొక్కేనికి తగిలిస్తున్నాడు. విజయమ్మను చూసి మళ్ళీ తొడుక్కున్నాడు. కుక్కను రేకు బల్లమీద పడుకోబెట్టారు. కాళ్ళు నాలుగూ వాటంతటవే కొట్టుకుంటున్నాయి. డాక్టరు గుండెకు గొట్టం పెట్టి విన్నాడు, టార్చిలైటుతో కళ్ళల్లోకి చూశాడు.

"ఏం పూశారు సిస్టర్?"

"గోమార్ల పొడి. ఈ పిల్లే, చెప్తే వినదు."

అమరావతి డబ్బా కూడా తెచ్చింది. డాక్టరు అటూ ఇటూ తిప్పి చదివి బల్లమీద పెట్టేశాడు.

"ఈ పొడి ఇంత పని చెయ్యదు. చూడండి, కంటిపాప గుండుసూది తలంత అయిపోయింది. సొంగ, వణుకు. ఇది పశువులకు పూసే నీళ్ళమందులా ఉంది. అదే అయితే విరుగుడు సూది నా దగ్గరే ఉంది, ఇప్పుడే వేస్తా. కానీ ఆ మందు ఒంట్లో లేకుండా అంత విరుగుడు ఎక్కిస్తే, ఇంత చిన్న ప్రాణం, గుండె తట్టుకోదు. ఖాయంగా చెప్పాలి. వేరే మందేమైనా పూశారా?"

"పొడి తప్ప ఏమీ లేదు సార్" అంది అమరావతి. "నేనే సల్లినా. ఇంకేమీ లేదు."

"మా ఇంట్లో పశువులు ఎక్కడివి డాక్టరుగారూ" అంది విజయమ్మ.

డాక్టరు సూదిమందు అలమర వైపు చూశాడు, కుక్క వైపు చూశాడు. "అయితే కొంచెం కొంచెంగా వేసి చూద్దాం. బతికితే బతుకుతుంది" అన్నాడు.

ఆదెమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. బొడ్లో దోపిన గుడ్డపీలిక చేతికి తగిలింది. కుక్క రేకుమీద తలను అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంది. ఊరుకుంటే పిల్ల రేపు పొద్దున బస్సెక్కుతుంది. అరుగు తనది, గిన్నె తనది, పేరు మళ్ళీ తను పెట్టిన పేరే. కానీ ఆ పేరుకు పలికేదేది?

"పొడి కాదు సార్" అంది.

ముగ్గురూ తిరిగారు. ఆదెమ్మ వాళ్ళ మొహాలు చూడలేక రేకుబల్ల కోడును చూస్తూ చెప్పింది. "ఆవులకు పూసేదే. మా తమ్మునికాడ తెచ్చినా. నేనే పూసినా."

"ఎంత?"

"అర మూత."

"ఎన్ని నీళ్ళల్లో?"

"నీళ్ళు కాదు సార్. కానుగనూనెలో."

డాక్టరు అప్పటికే సూది విరుగుడులోకి దించి లాగుతున్నాడు. "నూనెలోనా? తోలులోంచి తిన్నగా లోపలికి దిగుతుంది అది. ఇంత కుక్కకు అర మూతా? ఎవరు చెప్పారు నీకు అర మూతని?"

"మా తమ్ముడు. కుక్క ఎంతుంటాదని అడిగినాడు. నేను..." ఆదెమ్మ రెండు చేతులూ ఎత్తి చాపింది, నిన్న చాపినట్టే. ఆ చేతుల మధ్య నుంచి బల్లమీద కుక్క కనిపించింది. ఇటు పక్క చోటు మిగిలింది, అటు పక్క చోటు మిగిలింది. చేతులు వాటంతటవే కిందికి పడిపోయాయి. "ఇంతుంటాదని సూపించినా సార్."

డాక్టరు సూది వేశాడు. "పట్టుకో. గట్టిగా పట్టుకో" అన్నాడు ఆదెమ్మతోనే. ఆమె చేతులకే ఆ పనికి కావలసిన బలం ఉందనుకున్నాడేమో. కొంచెం ఆగి ఇంకో సూది వేశాడు. తర్వాత కొళాయి దగ్గరికి తీసుకుపోయి, "సబ్బు పెట్టి కడుగు. ఆ నూనె చుక్క మిగలకూడదు" అన్నాడు. ఆదెమ్మ కడిగింది. చన్నీళ్ళ కింద కుక్క కీచుమంది, గింజుకుంది, ఆమె మణికట్టు కరిచింది. వదల్లేదు. మూడుసార్లు సబ్బు పెట్టి మూడుసార్లు కడిగింది. బొచ్చంతా అతుక్కుపోయాక అది నిజంగా పందికొక్కంతే ఉంది. వణుకు తగ్గేదాకా ఆ చేతులే పట్టుకున్నాయి. కానీ తన మేలుకేనని దానికేం తెలుసు, తెలిసిందల్లా పట్టుకున్న చేతులెవరివో ఒక్కటే.

వెలుతురు ఉండగానే డాక్టరు మళ్ళీ కళ్ళు చూసి తల ఊపాడు. "గండం గడిచినట్టే. నెలరోజులు ఏ మందూ వద్దు, ఏ పొడీ వద్దు. గోమార్లు కనబడితే చేత్తో తీసుకోండి" అన్నాడు.

జట్కాలో విజయమ్మ ముందు కూర్చుంది. ఇంటి దగ్గర దిగేటప్పుడు అదే మెల్లటి గొంతుతో, "గిన్నె అమర పెడుతుంది ఆదెమ్మా. నువ్వు దాన్ని ముట్టుకోవద్దు" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. పని మానెయ్యమన్నా ఇంత గుచ్చుకునేది కాదు.

*

బుధవారం కుక్క నీళ్ళు తాగింది. గురువారం లేచి నడిచింది. ఆదెమ్మ అంట్లగిన్నెలతో పెరటివైపు వస్తే చాలు, తోక కాళ్ళ సందున దోపుకుని మంచం కిందికి దూరింది. ఆమె అరుగు తుడవడానికి వస్తే అమరావతి పావడా కుచ్చిళ్ళ వెనక దాక్కుని అక్కణ్ణుంచి ఒక కన్ను బయటపెట్టి చూసింది. ఆదెమ్మ బూడిదతో రుద్దుకుంది, సీకాయతో రుద్దుకుంది, చేతులు వాసన చూసుకుంది. కానుగనూనె వాసన పోయిందో పోలేదో తెలియలేదు. కట్టెలమోపు వెనక సీసాలు తీసి, పెరట్లో గొయ్యి తవ్వి పూడ్చేసింది. అరుగు కిందికి తోసిన చిప్పను కడిగి మళ్ళీ చూరులో దోపింది. కుప్పం బస్సు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. శనివారం పరీక్ష అని మాత్రం విజయమ్మ క్యాలెండరులో సున్నా చుట్టింది.

అమరావతి మీద కడుపుమంట మాత్రం పోలేదు. పోతుందనుకోవడం మన వెర్రి. పోయిందల్లా, మండడానికి తనకు హక్కుందన్న ధైర్యం. వంటింటి కిటికీలోంచి, కుక్క ఆ పిల్ల చేతిలో పాలన్నం తింటుంటే, ఆదెమ్మ తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది.

శుక్రవారం పొద్దున అరుగుమీంచి కుక్క కెవ్వుమన్న చప్పుడు వినిపించింది. ఒకసారి, రెండుసార్లు. ఆదెమ్మ చేతిలో పీచు ఆగిపోయింది. కాసేపటికి అమరావతి వంటింటి గుమ్మంలోకి వచ్చింది. వేళ్ళమీద రక్తం. అరచేతిలో గోమారి, తల లేని గోమారి.

"అక్కా, నాకు సేతకాలేదు. తల లోపల్నే ఉండిపోయింది. రెండుసార్లు అట్లే అయింది."

"నన్ను ముట్టుకోవద్దన్నారు గదమ్మా."

"అత్తను అడిగినా. నువ్వు తీస్తే సరే అనింది."

"నేను పట్టుకుంటే అది వచ్చేదేనా? సూస్తాండావు గదా."

"నువ్వు తియ్యక్కా. నేను పట్టుకుంటా."

ఆదెమ్మ చెయ్యి కడుక్కుంది. మళ్ళీ సబ్బు రుద్ది కడుక్కుంది. చూరులోంచి టెంకాయ చిప్ప తీసి కిరసనాయిలు పోసింది. అరుగుమీద అమరావతి కాళ్ళు చాపి కూర్చుని, తుండుగుడ్డలో కుక్కను చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఎదురుగా ఆదెమ్మ గొంతుక్కూర్చుంది. ఆమె చెయ్యి రాగానే కుక్క మొత్తం బిగుసుకుపోయింది. గుండె కొట్టుకోవడం తుండుగుడ్డ మీద కనిపిస్తూ ఉంది.

అమరావతి దాని తల తన మోచేతి మడతలో పెట్టుకుని వంగి చెవిలో, "జున్నూ" అంది. "జున్నూ, ఏమీ కాదులే. అక్క, మనక్కే."

ఆదెమ్మ వేళ్ళు బొచ్చులో ఆగిపోయాయి. ఆ పిల్ల నోట ఆ పేరు వినడం అదే మొదలు. తలెత్తలేదు. నూనెచుక్క వేసింది, కాసేపు ఆగింది, రెండు వేళ్ళతో పట్టుకుని నిటారుగా లాగింది. తలతో సహా వచ్చింది. చిప్పలో వేసి మునిగిందాకా చూసింది. తర్వాత అమరావతి తెంపిన చోట సూదిమొనతో మెల్లిగా తవ్వి, విరిగిన తల బయటికి తీసింది. కుక్క వణికింది గానీ అరవలేదు.

"వణకాకు" అంది ఆదెమ్మ. "వణకాల్సింది నువ్వు కాదులే, నేను."

ఒక చెవి అయింది. రెండో చెవి అయింది. ముందుకాళ్ళు అయ్యాయి. ఎండ అరుగు సగం దాకా వచ్చింది. ఎన్నో దానికో గాని, కుక్క తుండుగుడ్డలో కొంచెం వదులైంది. మొహం మాత్రం అమరావతి చంకలోంచి తియ్యలేదు.

"ఊరికి యా దినం పోతావు పాపా?"

అమరావతి ఈసారి నవ్వలేదు. "ఆదివారం. రేపు పరీక్ష అయిపోతాది గదా. నీకు నిమ్మళమేలే అక్కా."

ఆదెమ్మ ఇంకో గోమారి మీద నూనెచుక్క పెట్టింది. అది వదిలేదాకా ఆగాలి. ఆగుతూ ఆగుతూ చెప్పింది. "పోవాకు పాపా. నువ్వు పోతే దీన్ని పట్టుకునేదెవరు? నా సేతికి రాదు. నాలుగు దినాలు ఉండు. గోమార్లు అయిపోయేదాకా."

"అయిపోవడానికి ఎన్ని దినాలు పడ్తాది?"

"సూడాల."

వెనక కాళ్ళు కూడా అయ్యాయి. తోక పైకెత్తి చూసింది. మొదట్లో రెండున్నాయి, లావుగా, చిటికెలో వచ్చేవి. ఆదెమ్మ వాటిని చూసింది. చేతిలో చిప్ప ఉంది, వేళ్ళకు అందేంత దగ్గర్లో ఉన్నాయి. చూసి, తోక కిందికి దించి, పైన బొచ్చు సర్దింది.

"ఈ పొద్దుకు సాలు" అంది.

అమరావతి కూడా వాటిని చూసింది. తుండుగుడ్డ విప్పి కుక్కను కిందికి వదిలి, "రేపు పరీక్ష నుంచి వచ్చినాక మళ్ళీ సూద్దాంలే అక్కా" అంది.

ఆదెమ్మ చిప్ప చూరులో దోపి అంట్ల దగ్గరికి పోయింది.